జిల్లా విశ్వవిద్యాలయం విదేశీ భాగస్వామ్యం కట్టుకోవడం ఎలా: నెల్లూరు, ప్రకాశం అధ్యాపకుల కోసం

"మనలాంటి జిల్లా యూనివర్సిటీతో చేయి కలపాల్సిన అవసరం విదేశాల వాళ్లకేముందండీ?" నెల్లూరు దగ్గరి కాకుటూరు క్యాంపస్‌లో అయినా ఒంగోలులో అయినా అంతర్జాతీయ ఒప్పందాల మాట ఎత్తగానే ముందు వినిపించే ప్రశ్న ఇదే. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పుకోగలిగిన రోజున పని మొదలవుతుంది. జవాబు లేకుండా మొదలుపెడితే శాలువాలు, ఫొటో, పేపర్లో వార్త, ఆ తర్వాత బీరువాలో ఒక ఎంఓయూ (అవగాహన ఒప్పందం) మిగులుతాయి.

నేను నమ్మేదేమిటంటే, పాలసీకి ఒకటి, బోధనకు ఒకటి, పరిశ్రమకు ఒకటి అని మూడు ఒప్పందాల కోసం మూడు దిక్కులా తిరగక్కర్లేదు. మన నేల మీద ఉన్న గట్టి ప్రశ్న ఒక్కటి పట్టుకుంటే చాలు. రైతుకూ ఫ్యాక్టరీకీ ప్రభుత్వానికీ కూడా కావాల్సిన ప్రశ్న అయితే ఆ మూడూ దాని చుట్టూనే అల్లుకుంటాయి. ఈ వ్యాసం 2008లో ఏర్పడిన విక్రమ సింహపురి, నాగార్జున విశ్వవిద్యాలయం ఒంగోలు పీజీ కేంద్రం నుంచి ఎదిగిన ఆంధ్రకేసరి, ముత్తుకూరు మత్స్య కళాశాల, ఒంగోలు ట్రిపుల్ ఐటీ లాంటి చోట్ల పనిచేసేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

మొదటి అడుగు: ప్రశ్నను తేల్చుకోండి

నాలుగైదు శాఖల అధ్యాపకులు ఒక పూట కూర్చోండి. మన దగ్గర ఏముంది, అది ప్రపంచంలో ఇంకెక్కడ ఉంది, అక్కడివాళ్లు మన దగ్గర మాత్రమే తెలుసుకోగలిగింది ఏమిటి అని మాట్లాడుకోండి. మన రెండు జిల్లాల్లో ఈ వెతుకులాటకు కొదవ లేదు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ప్రపంచమంతా తిరుగుతోంది. క్వారీల్లో మిగిలే రాతి వ్యర్థం, కటింగ్ యూనిట్లలో కార్మికుడు పీల్చే దుమ్ము మాత్రం ఇక్కడే ఉంటున్నాయి. ఒంగోలు జాతి పశువులు బ్రెజిల్ వెళ్లి నెలోర్ పేరుతో అక్కడి మాంసం పశుసంపదలో అత్యధిక భాగమయ్యాయి. ఇక రొయ్య సంగతి చెప్పక్కర్లేదు.

రొయ్యనే ఉదాహరణగా తీసుకుని ముందుకు వెళ్దాం. వెనామీ రకం రొయ్యకు మన దేశంలో అనుమతి వచ్చింది 2009లో. తల్లి రొయ్యలు అమెరికా నుంచి విమానంలో చెన్నై వచ్చి, నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉండి, మన తీరంలో పిల్లలను పొదిగించే హేచరీలకు చేరతాయి. అక్కడి సీడ్, అంటే రొయ్య పిల్లలు, ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు గుంటల్లో పెరిగి, ప్రాసెసింగ్ ప్లాంటు దాటి, ఓడెక్కి మళ్లీ అమెరికాకే పోతుంది. ఈ దారిలో ఏ మజిలీలో తేడా వచ్చినా దెబ్బ రైతుకే తగులుతుంది. 2016లో యూరోపియన్ యూనియన్ మన పెంపకపు రొయ్యల సరుకులో సగం ఆపి యాంటీబయాటిక్ అవశేషాల కోసం పరీక్షించడం మొదలుపెట్టింది. 2025లో అమెరికా సుంకాలు పెంచితే ఆ వేడి గుంట గట్టు దాకా వచ్చింది.

ఇంత పెద్ద విషయాన్ని "రొయ్యల పరిశోధనలో సహకారం" అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ప్రశ్నను ఇంకా చిన్నది చేయాలి. ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి జబ్బునే తీసుకోండి. ఈ జబ్బు సోకిన రొయ్య చావదు, పెరగదు. మేత ఖర్చు మాత్రం నడుస్తూనే ఉంటుంది. 40, 50 కౌంట్‌కు (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) రావాల్సిన గుంట 100 కౌంట్ దగ్గరే నిలబడిపోతుంది. థాయ్‌లాండ్, వియత్నాం రైతులదీ ఇదే బాధ. కాబట్టి "ఈహెచ్‌పీ సోకిన గుంటను మొదటి నెలలోనే, రైతు భరించగల ఖర్చులో గుర్తించడమెలా?" అని అడగండి. ఈ ప్రశ్న పట్టుకుని జీవశాస్త్ర పాఠం చెప్పొచ్చు, హేచరీ యజమానితో కూర్చోవచ్చు, సీడ్ పరీక్షల నిబంధన గురించి మత్స్యశాఖతో మాట్లాడొచ్చు. మీరు ఎంచుకున్న ప్రశ్నతో ఈ మూడూ చేయలేకపోతే ఇంకొకటి వెతకండి.

రెండో అడుగు: ర్యాంకు చూసి కాదు, ల్యాబు చూసి ఎంచుకోండి

పెద్ద పేరున్న విశ్వవిద్యాలయానికి రోజూ ఇలాంటి ఉత్తరాలు కుప్పలుగా వస్తాయి. మీ ప్రశ్న మీద పనిచేసే చిన్న విభాగానికి అలా రావు. ఆక్వా విషయానికొస్తే బెల్జియంలో గెంట్ విశ్వవిద్యాలయం ఆర్టీమియా కేంద్రం ఉంది. హేచరీల్లో రొయ్య పిల్లలకు పెట్టే ఆర్టీమియా మీద వాళ్లది దశాబ్దాల పని. స్కాట్లాండ్‌లో స్టిర్లింగ్ విశ్వవిద్యాలయానికి ప్రత్యేకంగా ఆక్వాకల్చర్ సంస్థే ఉంది. వియత్నాంలో కాన్ తో విశ్వవిద్యాలయం మెకాంగ్ డెల్టా మధ్యలో, రొయ్యల చెరువుల పక్కనే ఉంది. నన్నడిగితే మొదటి భాగస్వామిగా కాన్ తో లాంటిదే మేలంటాను. నేల, వాతావరణం, రైతు కష్టం మనకు దగ్గరగా ఉంటాయి. వాళ్ల గడియారం మనకంటే గంటన్నర మాత్రమే ముందు. బ్రెజిల్‌లోని సావో పాలోతో అయితే ఎనిమిదిన్నర గంటల తేడా. మన సాయంత్రం వాళ్ల ఉదయం కాబట్టి తరగతి కలపడం సాధ్యమే కానీ, హాస్టల్ పిల్లల భోజనం వేళ చూసుకోవాలి.

ఎంచుకునేటప్పుడు వాళ్ల వెబ్‌సైట్ కంటే గత ఐదేళ్ల పరిశోధన పత్రాలు చదవండి. ఒకే విషయం మీద మళ్లీ మళ్లీ రాస్తున్నవాళ్లను గుర్తించండి. అక్కడ కనీసం ఇద్దరు, ఇక్కడ కనీసం ఇద్దరు ఉండాలి. ఒక్కరి మీదే నడిచిన బంధం ఆ ఒక్కరికి బదిలీ అయితేనో, పదవీ విరమణ అయితేనో ఆగిపోతుంది. మన పూర్వ విద్యార్థి ఎవరైనా అక్కడ పరిశోధకుడిగా ఉంటే అంతకంటే మంచి దారి లేదు. విశ్వవిద్యాలయాల్లో అంతర్జాతీయ వ్యవహారాల కార్యాలయంతో పాటు పూర్వ విద్యార్థుల విభాగం కూడా పెట్టమని 2021లో యూజీసీ మార్గదర్శకాలు చెప్పింది ఇందుకే.

మూడో అడుగు: మొదటి ఉత్తరం

"మా విశ్వవిద్యాలయం ప్రతిష్ఠాత్మకమైనది, మీతో ఎంఓయూ చేసుకోగోరుతున్నాము" అని మొదలయ్యే ఉత్తరానికి జవాబు రాదు. వీసీ పేరు మీద కాకుండా, పనిచేసే అధ్యాపకుడు పనిచేసే అధ్యాపకుడికి రాయాలి. దాని సారాంశం ఇలా ఉండొచ్చు:

"మీరు ఈహెచ్‌పీ మీద రాసిన పత్రం చదివాను. మీ నమూనాలు వర్షాకాలపు పంటవి. మా నెల్లూరు తీరంలో ప్రధాన వర్షాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. వేసవి పంటలో గుంటల ఉప్పదనం బాగా పెరుగుతుంది. ఆ పరిస్థితిలో మీ పద్ధతి పనిచేస్తుందా అన్నది మా విద్యార్థులు పరీక్షించగలరు. విశ్వవిద్యాలయానికి దగ్గరలోనే మాకు గుంటలు అందుబాటులో ఉన్నాయి. ముందుగా మీ విద్యార్థులూ మా విద్యార్థులూ కలిసి కొన్ని వారాల ఆన్‌లైన్ తరగతి చేస్తే ఎలా ఉంటుంది?"

చదివినట్టు రుజువు, మన దగ్గర మాత్రమే ఉన్నది, చిన్న అడుగు. ఇంతకుమించి మొదటి ఉత్తరంలో అక్కర్లేదు. డబ్బు మాట అసలు వద్దు. రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే ఇంకొకరికి రాయండి.

నాలుగో అడుగు: సంతకం కంటే ముందు ఒక తరగతి

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. రెండు దేశాల విద్యార్థులు ఆన్‌లైన్‌లో కలిసి ఒకే పని చేసే పద్ధతిని న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయం ఇరవై ఏళ్లుగా నడుపుతోంది. దానికి విమాన టికెట్లు అక్కర్లేదు, పెద్ద గ్రాంటూ అక్కర్లేదు. ఇప్పటికే ఉన్న పేపర్లో ఐదారు వారాలు కేటాయిస్తే సరిపోతుంది. బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఇంటర్నల్ మార్కుల కింద చూపిస్తే కొత్త కోర్సు ఆమోదం దాకా ఆగాల్సిన పని ఉండదు.

జట్లను కలిపి వేయండి, ఇద్దరు మనవాళ్లు, ఇద్దరు అక్కడివాళ్లు. ఉపన్యాసాలు తక్కువగా, పని ఎక్కువగా ఉండాలి. ప్రతి జట్టూ తమ వైపు ఒక గుంట నుంచి వారం వారం ఉప్పదనం, పీహెచ్, మేత, రొయ్య సగటు బరువు నమోదు చేసి పక్కపక్కన పెట్టి చూడాలి.

మన పిల్లలకు ఇంగ్లిష్ బెరుకు ఉంటుంది. మొదటి వీడియో సమావేశంలో కెమెరా ఆపేసి కూర్చుంటారు. అది మామూలే. దానికి మందు ఇంగ్లిష్ క్లాసు కాదు, గుంట గట్టు. అల్లూరు వైపు నుంచి వచ్చిన అమ్మాయికి మొదటి సమావేశమే చెరువు దగ్గరి నుంచి ఫోన్‌లో పెట్టించండి. చెక్ ట్రే పైకి లాగి, మేత ఎంత మిగిలిందో చూపించి, రెండు రొయ్యలు అరచేతిలో పెట్టుకుని పేగు నిండుగా ఉందా, తెల్లగా తేలిందా అని వెలుతురుకు పట్టి చూపిస్తుంది. పాఠ్యపుస్తకంలోని బొమ్మ మాత్రమే చూసిన అవతలి విద్యార్థి ప్రశ్న మీద ప్రశ్న వేస్తాడు. నాన్న దగ్గర నేర్చుకున్నది విదేశీ తరగతిలో పనికొస్తుందని తెలిశాక ఆ అమ్మాయికి మాట దానంతట అదే వస్తుంది. వ్యాకరణం ఎలా ఉన్నా అవతలివాళ్లకు అర్థమవుతుంది, వాళ్ల ఇంగ్లిష్ కూడా నేర్చుకున్నదే కదా.

రెండు వైపులా క్యాలెండర్లు ముందే చూసుకోండి. బ్రెజిల్‌లో చదువుల ఏడాది ఫిబ్రవరి, మార్చిలో మొదలవుతుంది. యూరప్‌లో సెప్టెంబరు. మన సెమిస్టర్ పరీక్షలు వాయిదా పడితే ఆ సంగతి అవతలివాళ్లకు అదే రోజు చెప్పాలి. చెప్పకపోతే నమ్మకం పోతుంది, మళ్లీ రావడం కష్టం.

తరగతి బాగా జరిగితే అప్పుడు ఎంఓయూ మాట ఎత్తండి. జరగకపోతే ఒక సెమిస్టర్‌లోనే తెలిసిపోయింది కాబట్టి ఎవరికీ నష్టం లేదు.

ఐదో అడుగు: కాగితాలు

ఎంఓయూ అనేది ఉద్దేశం మాత్రమే చెబుతుంది. దాని కింద ప్రతి పనికీ వేరే ఒప్పందం కావాలి. ఎవరు, ఏ నెలలో, ఎవరి ఖర్చుతో, ఏం చేస్తారు అన్నది అందులో ఉండాలి. ముసాయిదా ఫైలు పాలకమండలి ముందుకు వెళ్లేలోపే ఆర్థిక, న్యాయ విభాగాలకు చూపించండి.

డిగ్రీల దాకా వెళ్లాలంటే 2022 యూజీసీ నిబంధనలు వర్తిస్తాయి. వాటిలో మూడు రకాలు. ట్విన్నింగ్‌లో డిగ్రీ మనమే ఇస్తాం, విదేశంలో సంపాదించే క్రెడిట్లు 30 శాతం మించకూడదు. జాయింట్ డిగ్రీలో పాఠ్యప్రణాళిక ఇద్దరూ కలిసి తయారుచేసి, ఇద్దరి పేరుతో ఒకే పట్టా ఇస్తారు. డ్యూయల్ డిగ్రీలో ఎవరి పట్టా వాళ్లది, అయితే మన దగ్గర కనీసం 30 శాతం క్రెడిట్లు చదవాలి. నాణ్యతకు మార్కులిచ్చే న్యాక్ దగ్గర స్కోరు కనీసం 3.01 ఉన్నవాళ్లూ, కేంద్రం ర్యాంకులిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ విశ్వవిద్యాలయాల జాబితాలో తొలి వందలో ఉన్నవాళ్లూ, ప్రపంచ ర్యాంకుల్లో నిర్ణీత స్థానంలోపు ఉన్న విదేశీ సంస్థతో యూజీసీ ముందస్తు అనుమతి లేకుండానే కలవొచ్చు. మిగతావాళ్లు అనుమతి తీసుకోవాలి. ఆన్‌లైన్, దూరవిద్య డిగ్రీలకు ఈ దారి లేదు, ఫ్రాంచైజీ ఏర్పాటుకు అసలే లేదు. మీ స్కోరు చాలకపోతే డిగ్రీ ఆలోచన పక్కన పెట్టి ఉమ్మడి తరగతులు, వేసవి శిక్షణలు, పీహెచ్‌డీ ఉమ్మడి పర్యవేక్షణతో కొన్నేళ్లు నడవండి. దానివల్ల విద్యార్థికి జరిగే మేలు తక్కువేమీ కాదు.

క్రెడిట్లు పోల్చేటప్పుడు జాగ్రత్త. యూరప్‌లో ఏడాదికి 60 క్రెడిట్లు, మన జాతీయ క్రెడిట్ విధానంలో 40. అంటే వాళ్ల మూడు మనకు దాదాపు రెండు. ఈ లెక్క ఒప్పందంలోనే రాయండి, లేకపోతే తిరిగొచ్చిన విద్యార్థి మార్కుల మెమో కోసం పరీక్షల విభాగం చుట్టూ తిరగాల్సి వస్తుంది.

జీవ నమూనాల విషయం చాలామందికి ఆఖర్న గుర్తొస్తుంది. రొయ్య కణజాలమైనా, పశువు వీర్యమైనా, ఉప్పుటేరు బురదలోని బ్యాక్టీరియా అయినా విదేశీ ల్యాబుకు పంపాలంటే 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలి. ఉమ్మడి పరిశోధన ప్రాజెక్టులకు మినహాయింపు ఉన్నా, దానికీ కేంద్ర ప్రభుత్వ ఆమోదం ఉండాలి. పరిశోధన ఫలితాలను డబ్బు తీసుకుని విదేశీ సంస్థకు ఇవ్వాలన్నా అనుమతి తప్పదు. సాధ్యమైనంతవరకు పరీక్షలు ఇక్కడే జరిగేలా పథకం వేసుకోవడం మంచిది. మన ల్యాబూ పెరుగుతుంది, మన పిల్లల చేతికీ పని వస్తుంది.

ఈ చట్టం మనకెంత అవసరమో ఒంగోలు గిత్త కథ చెబుతుంది. 1960ల్లో ఒంగోలు పక్కనున్న కరవది నుంచి ఒక ఆంబోతు బ్రెజిల్ వెళ్లింది. అక్కడి నెలోర్ వంశావళుల్లో దాని పేరు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. ఈ మధ్య వియాటినా-19 అనే నెలోర్ ఆవు విలువ 40 లక్షల డాలర్లు దాటింది. ఇక్కడ ఆ జాతిని తరతరాలుగా కాపాడిన రైతు ఆ విలువలో భాగస్తుడు కాలేదు, ఎందుకంటే అప్పుడు అలాంటి ఒప్పందానికి చట్టమే లేదు. ఇప్పుడుంది. బ్రెజిల్ విశ్వవిద్యాలయంతో పశు జన్యుశాస్త్రంలో కలిసి పనిచేయాలని నేను గట్టిగా కోరుకుంటాను. వాళ్ల దగ్గర దశాబ్దాల ఎంపిక లెక్కలున్నాయి, మన దగ్గర మూల జాతి ఉంది. లాభం పంచుకునే షరతు మాత్రం మొదటి పేజీలోనే ఉండాలి.

పేటెంటు వచ్చేలా ఉంటే ఇంకో నియమం ఉంది. భారతదేశంలో నివసించేవాళ్లు విదేశంలో ముందుగా దరఖాస్తు చేయాలంటే పేటెంట్ చట్టం 39వ సెక్షన్ కింద అనుమతి తీసుకోవాలి, లేదా ఇక్కడ దరఖాస్తు చేసి ఆరు వారాలు ఆగాలి. గ్రానైట్ కార్మికుల ఊపిరితిత్తుల మీద విదేశీ సంస్థతో అధ్యయనం అయితే ఎథిక్స్ కమిటీతో పాటు, ఐసీఎంఆర్ ద్వారా నడిచే ఆరోగ్య మంత్రిత్వశాఖ పరిశీలక సంఘం ఆమోదం కావాలి. విదేశీ నిధులు వస్తే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) చూసుకోవాలి. రాష్ట్ర చట్టంతో ఏర్పడి కాగ్ ఆడిట్ తప్పనిసరి అయిన సంస్థలకు మినహాయింపు ఉంది. ట్రస్టులు నడిపే కళాశాలలకు రిజిస్ట్రేషనూ, ఢిల్లీ స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా కావాలి.

ఆరో అడుగు: పరిశ్రమను కూర్చోబెట్టడం

హేచరీ యజమాని, మేత కంపెనీ మేనేజరు, ప్రాసెసింగ్ ప్లాంటు క్వాలిటీ అధికారి, ఈ ముగ్గురినీ వేర్వేరుగా కలవండి. ఒకే సమావేశానికి పిలిస్తే ఎవరూ నిజం మాట్లాడరు. మా సీడ్‌లో జబ్బు వచ్చిందని పోటీదారు ముందు ఏ హేచరీ ఒప్పుకుంటుంది?

వాళ్లను విరాళం అడగొద్దు. సమస్య అడగండి, డేటా అడగండి, ఇద్దరు విద్యార్థులకు ఒక పంట కాలం చోటు అడగండి. బదులుగా విదేశీ భాగస్వామి దగ్గరి పద్ధతి ముందుగా వాళ్ల దగ్గర పరీక్షిస్తామని చెప్పండి. రాతపూర్వకంగా తేల్చుకోవాల్సినవి నాలుగున్నాయి: కంపెనీ పేరు బయటికి రావాలా వద్దా, ముందునుంచీ ఎవరి దగ్గర ఉన్న విజ్ఞానం ఎవరిది, పని మధ్యలో పుట్టినది ఎవరిది, పత్రం ప్రచురించే ముందు కంపెనీ చదవడానికి ఎన్ని రోజులు. చదవడానికి గడువు ఇవ్వొచ్చు, ప్రచురణ ఆపే హక్కు మాత్రం ఇవ్వకూడదు. విద్యార్థి థీసిస్ ఎవరి వ్యాపార కారణంతోనూ ఆగకూడదు. ఈ విషయంలో రాజీ పడొద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

రైతునూ పరిశ్రమలో భాగంగానే చూడండి. గుంట ఇచ్చిన రైతుకు ఫలితం ముందు చెప్పాలి, అదీ తెలుగులో, పట్టుబడికి ముందే.

ఏడో అడుగు: పాలసీ దాకా చేర్చడం

పాలసీ భాగస్వామ్యం అంటే మంత్రిగారితో సభ కాదు. ఒక నిబంధన మారడానికి కావాల్సిన ఆధారం, ఆ నిబంధన రాసే బల్ల మీద సమయానికి ఉండటం. రొయ్యల విషయంలో ఆ బల్లలు మూడు చోట్ల ఉన్నాయి: జిల్లా మత్స్యశాఖ, 2020 చట్టంతో వచ్చిన రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి ప్రాధికార సంస్థ, 2005 చట్టం కింద చెన్నైలో ఉన్న కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ. ఎగుమతి వైపు సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా ఉంది.

రెండు పంటల డేటా చేతికి వచ్చాక నాలుగు పేజీల పత్రం రాయండి. వియత్నాంలో సీడ్ పరీక్ష ఎలా అమలవుతోంది, అక్కడ ఏది విఫలమైంది, మన గుంటల్లో మనం చూసినదేమిటి, ఏ ఒక్క మార్పు చేస్తే రైతుకు ఎంత ఖర్చు, ఎంత ఆదా. విఫలమైన సంగతి తప్పకుండా రాయాలి. అధికారికి అదే ఎక్కువ ఉపయోగం. మొదటి రోజు నుంచే మత్స్యశాఖ అధికారి ఒకరిని ప్రాజెక్టు సలహాదారుగా కలుపుకుంటే, ఆఖర్న పత్రం ఇచ్చేటప్పుడు కొత్తగా పరిచయం చేసుకోవాల్సిన పని ఉండదు.

ఎనిమిదో అడుగు: డబ్బు, అతిథులు, ఆఫీసు

విదేశీ అధ్యాపకుడు వచ్చి చిన్న కోర్సు చెప్పడానికి 2015లో మొదలైన జ్ఞాన్ పథకం, ఉమ్మడి పరిశోధనకు 2018 నాటి స్పార్క్ ఉన్నాయి. అర్హతలు ముందే చూసుకోండి. అటువైపు నిధులిచ్చే పథకాల్లో యూరప్ ఎరాస్మస్ ప్లస్, జర్మనీ డాడ్, అమెరికా ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఉన్నాయి. పెద్ద గ్రాంటుల్లో మొదట సభ్యులుగా చేరండి, నాయకత్వం తర్వాత చూసుకోవచ్చు.

అతిథులను జనవరి నుంచి మార్చి మధ్య పిలవండి. నవంబరులో పిలిస్తే తుపాను హెచ్చరికల మధ్య గెస్ట్‌హౌస్‌లోనే కూర్చోబెట్టాల్సి రావొచ్చు. నెల్లూరుకైతే చెన్నై విమానాశ్రయం వీలు, ఒంగోలుకు విజయవాడ. పాఠం చెప్పడానికి వచ్చేవాళ్లు టూరిస్ట్ వీసా మీద రాకూడదు. వాళ్లు బస చేసిన 24 గంటల్లోపు ఆ వివరాలు విదేశీయుల నమోదు కార్యాలయం (ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ) ఆన్‌లైన్‌లో నమోదు కావాలి. గెస్ట్‌హౌస్ బాధ్యుడికి ఇది ముందే నేర్పించండి.

అంతర్జాతీయ వ్యవహారాల కార్యాలయానికి డైరెక్టరు ఒక్కరే ఉంటే చాలదు. పదవి మారినా ఫైలు మారకుండా చూసుకునే ఒక స్థిరమైన ఉద్యోగి కావాలి. ఎవరికి ఏం మాట ఇచ్చాం, ఏ తేదీకి, అన్న పట్టిక ఆ ఉద్యోగి దగ్గర ఉండాలి. ఈమెయిల్ ఖాతా కూడా వ్యక్తి పేరు మీద కాకుండా కార్యాలయం పేరు మీద ఉండాలి.

తొమ్మిదో అడుగు: ఏడాదికోసారి లెక్క

ఎన్ని ఎంఓయూలు ఉన్నాయో లెక్కపెట్టకండి. ఉమ్మడిగా ఎంతమంది విద్యార్థులు చదివారు, ఎన్ని గుంటల్లో పరీక్ష జరిగింది, ఏ అధికారి ఏ నిర్ణయంలో మన పత్రం వాడుకున్నారు, ఇటునుంచి అటు ఎంతమంది వెళ్లారు, అటునుంచి ఇటు ఎంతమంది వచ్చారు అని రాసుకోండి. రాకపోకలు ఒకే వైపు సాగుతుంటే ఆ సంగతి భాగస్వామితో నేరుగా మాట్లాడాలి.

రెండేళ్లు ఏ పనీ జరగని ఒప్పందాన్ని పొడిగించొద్దు. మర్యాదగా ఉత్తరం రాసి ముగించండి. మధ్యలో ఉన్న విద్యార్థులు చదువు పూర్తిచేసే దాకా రెండు వైపులా బాధ్యత ఉంటుందన్న షరతు మొదటి ఒప్పందంలోనే ఉండాలి. నడుస్తున్న ఒప్పందమైతే, గడువు ముగియడానికి ఆరు నెలల ముందే పునరుద్ధరణ ఫైలు తెరవండి. పాలకమండలి సమావేశం, అవతలివాళ్ల న్యాయ విభాగం, మధ్యలో వాళ్ల వేసవి సెలవులు అన్నీ కలిస్తే ఆ ఆరు నెలలూ సరిగ్గా సరిపోతాయి.